తోట తొక్కు కోసం రెడ్డిగూడెం దాకా

యాత్రలు రాసేవాళ్ళంతా కాశీ వెళతారు, రామేశ్వరం వెళతారు. గోపురం ఎంత ఎత్తుందో, సత్రంలో అరుగులెన్నో రాస్తారు. అక్కడ ఏం తిన్నారయ్యా అంటే "భోజనము యోగ్యముగా నున్నది" అని ఒక్క ముక్క రాసి చేతులు కడుక్కుంటారు. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుకొస్తుంది. నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. కోమటి కొట్లో పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. అందుచేత నా యాత్ర కూడా పొట్లం లాంటిదే, విప్పితే తిండి కనపడుతుంది. ఉంగుటూరు నుంచి రెడ్డిగూడెం, తిరిగి ఉంగుటూరు. స్వరాజ్యం వచ్చాక రెండో వేసవిలో వెళ్ళాను. నా వెనక ఎవరైనా వెళ్ళదలిస్తే పనికొస్తుందని రాస్తున్నాను.

వెళ్ళిన కారణం ఇది. మా ఆవిడ మాణిక్యం పోయి జ్యేష్ఠానికి ఏడాది నిండుతుంది. మా ఇళ్ళల్లో సంవత్సరీకం నాడు పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెడతాం. గారెలూ బూరెలూ ఎవరైనా వండుతారు. మాణిక్యానికి ప్రాణం తోట తొక్కు. అది వాళ్ళ పుట్టింటి వంట. మామిడితోటల్లోకి రాలిన పళ్ళ కోసం అడవిపందులు దిగుతాయి. వలలు కట్టి, బల్లేలతో కొడతారు. ఆ మాంసాన్ని కొవ్వుతో సహా బద్దలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, కాపలా గుడిసెలో పొయ్యి మీద వేలాడదీసి పొగబెడతారు. ఆ బద్దలతోనే ఈ తొక్కు నూరతారు. కొంచెం తీపి, కొంచెం కారం, కొంచెం పొగ. జొన్నరొట్టె మీద వేలితో రాసుకుని తింటే రొట్టె ఎప్పుడైపోయిందో తెలియదు.

ఈ తొక్కు పందిదన్న మాట మాత్రం ఎవరూ పైకి అనరు. ఆ కుండ తోటలోనే కొమ్మకి వేలాడుతుంది, ఇంటి గడప దాటదు. అందుకే దాని పేరు తోట తొక్కు. మాణిక్యం కాపరానికి వచ్చాక మా అమ్మ కూడా ఆ కుండని వంటింట్లోకి రానివ్వలేదు. పుట్టింటి నుంచి బద్దలు వచ్చిన ప్రతి వేసవీ మాణిక్యం గొడ్లసావిడి వెనక మూడు రాళ్ళు పెట్టుకుని వండేది. సరిగ్గా కుండ దించే ముందు కేకేసేది.

"ఏవండీ, ఒకసారి ఇటు రండి. చెయ్యి పట్టండి."

అరచేతిలో ఇంత పెట్టి, "ఉప్పు చూడండి" అనేది. నేను చూసేవాణ్ణి. సరిపోయిందనేవాణ్ణి. నలభై ఏళ్ళూ అంతే.

ఆవిడ పోయాక గొడ్లసావిడిలో ఉట్టి మీద మిగిలిన బద్దలతో నేనే వండబోయాను. తీపి అంటే బెల్లమేగా అనుకున్నాను. వేశాను. అది పాకం వచ్చి, గట్టిపడి, గరిటె దాంట్లో దిగబడి ఊరుకుంది. గరిటె పట్టుకుని పైకెత్తితే కుండ కూడా లేచింది! నవ్వడానికి పక్కన మనిషి లేదు. సంవత్సరీకానికి ఆకులో ఏం పెట్టను? ఆ వంట తెలిసిన మనిషి ఇక ఒక్కరే, మాణిక్యం అక్కగారు, రెడ్డిగూడెంలో ఉన్న మా వదిన రాఘవమ్మ. ఆవిడకీ పెద్దతనం వచ్చింది. సరే, బయల్దేరాను.

తెల్లవారుతుండగా ఉంగుటూరు నుంచి నడిచి తేలప్రోలు స్టేషను చేరాను. పాసింజరు ఆలస్యం. ఎంత ఆలస్యమండీ అంటే స్టేషన్లో ఆయన "వచ్చినప్పుడు వస్తుంది" అన్నాడు. తెల్లవాడు పోయాడు గాని ఈ సమాధానం పోలేదు. ఎండ ముదిరాక వచ్చింది. మూడో తరగతిలో కాలు పెట్టే చోటు లేదు. నా పక్కన ఆగిరిపల్లిలో తోట గుత్తకు తీసుకున్న ఆసామి ఒకాయన, బెజవాడలో వర్తకుల్ని చూసి వస్తున్నాడు.

"ఏ ఊరండి తమది?"

"ఉంగుటూరు."

"వరి తినేవాళ్ళకి మామిడితోటల్లో ఏం పనండి?"

"మా ఆవిడ మీ వైపు మనిషే."

"అదీ, ఇప్పుడు చెప్పారు! చిన్నరసాలు తిని పెరిగిన పిల్లని తీసుకెళ్ళి బురదలో దింపారన్నమాట" అని నవ్వాడు. నేనూ నవ్వాననుకోండి. కాని ఆ మాట దిగేదాకా నాలోనే తిరిగింది. మా ఊరు వచ్చిన మొదటి వేసవి మాణిక్యం చేలగట్టు మీద నిలబడి, "ఇక్కడ నీడెక్కడుందండీ?" అని అడిగింది.

నూజివీడు అని బోర్డు ఉన్న స్టేషన్లో దిగాను. వెనక వచ్చేవాళ్ళు మోసపోకండి, స్టేషనుకి పేరే నూజివీడు, ఊరు ఎక్కడో మైళ్ళ అవతల ఉంది. పేరు ఒకచోట, ఊరు ఒకచోట పెట్టిన ఆ మహానుభావుడెవరో నాకు కనపడాలి. అక్కణ్ణుంచి పెట్రోలు బదులు బొగ్గుతో నడిచే బస్సు. యుద్ధం అయిపోయి ఇన్నాళ్ళయినా ఆ బొగ్గు కుంపటి బస్సు వెనక వేలాడుతూనే ఉంది. మిట్ట రాగానే కండక్టరు "మగాళ్ళంతా దిగండి బాబూ" అన్నాడు. టిక్కెట్టు కొన్నదీ మేమే, నెట్టిందీ మేమే.

నూజివీడులో మధ్యాహ్నం భోజనం చేశాను. మామిడికాయ పప్పు, గడ్డ పెరుగు. అక్కడే కడుపు నింపుకోవాలి, ఆ తర్వాత దారిలో నీళ్ళు తప్ప ఏమీ దొరకవు. ఊరంతా ఎండుగడ్డీ పండిన రసాలూ కలిసిన వాసన. మాణిక్యం పుట్టింటి నుంచి వచ్చిన రోజున ఆవిడ పెట్టె తెరిస్తే ఇదే వాసన వచ్చేది. హోటలు ముందు కాసేపు ఊరికే నిలబడ్డాను. ఎవరో "దారి తప్పారా తాతగారూ?" అని అడిగితే, లేదన్నాను.

కాయలు దింపి ఖాళీగా తిరిగి వెళ్ళే బండి ఒకటి రెడ్డిగూడెం వైపు దొరికింది. బండివాడు హుషారైన మనిషి. ఈ యేడు పందులు ఎలా ఉన్నాయని అడిగాను.

"తోటలు అవే గుత్తకు తీసుకున్నాయండి. మేం ఊరికే కాపలా కాస్తున్నాం!"

దీపాలు పెట్టే వేళకి వదినగారింటికి చేరాను. ఆవిడ చూపు మందగించింది గాని గొంతు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఎవరూ? మరిదిగారా! చెల్లెలు పోయాక దారి మర్చిపోయారనుకున్నాను" అంది. చేతులు పట్టుకుని అరుగు మీద కూచోబెట్టింది.

వచ్చిన పని చెప్పగానే ఆవిడ కొడుకు అడ్డం పడ్డాడు. వాణ్ణి మేం కోటిగాడు అనేవాళ్ళం. ఇప్పుడు ఖద్దరు తొడుక్కుని కోటేశ్వరరావు గారయ్యాడు. ప్రతి వేసవీ మా ఇంటికొచ్చి, గొడ్లసావిడి వెనక వాళ్ళ పిన్ని పక్కన గొంతుక్కూచుని పొయ్యి ఊదిన వెధవే.

"మెల్లిగా మాట్లాడండి బాబాయ్. అమ్మాయికి సంబంధం చూస్తున్నాం. వాళ్ళు కోడిమాంసం కూడా ముట్టరట. మా ఇంట్లో ఆ వంట పేరు ఎత్తడం మానేశాం."

"మీ ఇంట్లో ఎప్పుడు వండారురా? ఎప్పుడూ తోటలోనేగా?"

"తోట కూడా మాదేగా."

"మీ పిన్ని తిన్నది నీకు పరువు తక్కువైందా?"

"అలా అన్నానా?"

"మరెలా అన్నావు?"

వదినగారు మధ్యలోకి వచ్చింది. "ఒరే కోటీ, నీ సంబంధం వాళ్ళు తోటకి వచ్చి కుండ మూత తీస్తారా? దాని సంవత్సరీకం. ఆకు ఖాళీగా ఉంచమంటావా?"

వాడు లోపలికి పోయాడు. ఆ రాత్రి అరుగు మీద నులకమంచం వేశారు. బసకి లోటు లేదు.

మర్నాడు పొద్దున్నే వదినగారు నా భుజం పట్టుకుని తోటకి నడిచింది. కాపలావాళ్ళు ఆరబెట్టుకున్న బద్దలు కొన్ని ఇచ్చారు. నల్లగా, చెక్కముక్కల్లా ఉన్నాయి. ఆవిడ మామిడిచెట్టు కింద కూచుని చెబుతూ ఉంటే నేను చేశాను. వేడినీళ్ళతో కడిగి సన్నగా తరిగాను. నూనె చుక్క వెయ్యకుండా కుండలో వేసి సన్నసెగ పెట్టాను. కొవ్వు కరిగి, ముక్కలు దాంట్లోనే వేగి కరకరలాడాయి. వాటిని తీసి, ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ చేర్చి రోట్లో దంచాను. తర్వాత నా మొలలో కట్టుకొచ్చిన బెల్లం పొట్లం బయటికి తీశాను.

"అదేంటి?" అంది వదినగారు.

"బెల్లం."

"ఎవరికి, ఎడ్లకా?"

ఆవిడ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తీపి బెల్లం కాదట, మామిడితాండ్ర! రసాలు పిండి, ఈతచాప మీద పొర మీద పొర పోసి ఎండబెట్టిన తాండ్ర. దాన్ని నీళ్ళల్లో నానబెట్టి, ఆ కరిగిన కొవ్వులో ఉడికించాలి. పులుపూ తీపీ రెండూ దాంట్లోనే ఉన్నాయి. వేసవి అంతా మాణిక్యం తాండ్ర మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా ఎందుకు దాచేదో నాకప్పుడు తెలిసింది. పిసినారితనం అనుకునేవాణ్ణి.

తాండ్ర కరిగింది. దంచిన మాంసం వేసి కలుపుతున్నాను. పొగకి కళ్ళు మండుతున్నాయి. కొవ్వు అంచులకి తేలింది. గరిటె అంచున ఇంత తీసి నోట్లో వేసుకోబోతే వదినగారు నా చెయ్యి పట్టుకుంది.

"వండినవాళ్ళు చూడకూడదు."

"ఏం, దోషమా?"

"దోషమూ లేదు, గీషమూ లేదు. ఇంతసేపూ ఆ పొగ మింగారు, ఆ కొవ్వు వాసన పీల్చారు. ఇప్పుడు మీ నోటికి ఏం తెలుస్తుంది? పక్కమనిషి చేతిలో పెట్టాలి. ఉప్పు చూడమనాలి. బద్దల్లో ఉప్పు ఒక్కో యేడు ఒక్కోలా దిగుతుంది. వాళ్ళు చెప్పింది బట్టి దించడం."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. నలభై ఏళ్ళు మాణిక్యం నన్ను పిలిచింది మర్యాదకనుకున్నాను, మొగుడు కదా అని ముందు పెడుతుందనుకున్నాను. నేను చెబితే గాని ఆవిడకి వంట తెమిలేది కాదు.

"అయితే మీరు చూడండి వదినా."

ఆవిడ మెడలో తులసిపూసలు చూపించింది. భర్త పోయిన నాటి నుంచి ఆవిడ మాంసం ముట్టలేదు. కాపలావాళ్ళు కాయలు కోస్తూ తోట ఆ చివర్న ఉన్నారు. అయినా వాళ్ళకి మాణిక్యం చేతి రుచి ఏం తెలుసు? కుండ ఉడుకుతోంది. అడుగంటితే అంతా పోయినట్టే.

అప్పుడు చూశాను, కోటిగాడు కాస్త దూరంలో చెట్టుకి ఆనుకుని ఉన్నాడు. కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. వాణ్ణి బతిమాలడం నా వల్ల కాదు. వాళ్ళమ్మా పిలవలేదు. గరిటెతో కలుపుతూ ఊరుకున్నాను.

వాడే వచ్చాడు. కండువా భుజాన వేసుకుని, అటు తోట దారి వైపు ఒకసారి చూసి, చెయ్యి చాపాడు.

నేను పెట్టాను. నాలుకతో అద్దుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"పిన్ని చేసినట్టు లేదు బాబాయ్."

ఏం తక్కువైందిరా అన్నాను.

"ఉప్పు సరిపోయింది. తాండ్ర చాల్లేదు. పిన్నిది ముందు తియ్యగా తగిలేది, కారం తర్వాత వచ్చేది. మీది కారం ముందొస్తోంది."

ఇంకో పొర తాండ్ర నలిపి వేశాను. మళ్ళీ ఉడికించాను. మళ్ళీ చెయ్యి చాపాడు. ఈసారి అరచెయ్యి మొత్తం నాకి, వెనక్కి తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు. వదినగారు "దించండి" అంది.

జాడీలో ఎత్తి, పైన కొవ్వు పేరనిచ్చి, గుడ్డ కట్టాం. కుండని కడిగి మళ్ళీ కొమ్మకి వేలాడదీశాను.

మర్నాడు కోటిగాడే నూజివీడు దాకా తన బండి మీద తీసుకొచ్చాడు. బస్సు దగ్గర మద్యనిషేధం డ్యూటీలో ఉన్న కానిస్టేబులు జాడీ వాసన చూసి, "ఏంటి తాతా, సారాయా?" అన్నాడు.

"పంది తొక్కు" అన్నాను. ఆ మాట అంత గట్టిగా పైకి అనడం నా జన్మలో అదే మొదలు. కానిస్టేబులు నాకేసి, నా పక్కన ఖద్దరు వేసుకున్న కోటేశ్వరరావు గారికేసి చూశాడు. చుట్టూ జనం ఉన్నారు.

"అవునండి. మా పిన్నిది" అన్నాడు కోటిగాడు.

బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికొచ్చాడు. "సంవత్సరీకం రోజుకి మళ్ళీ తాజాగా వండుతారుగా? బద్దలూ తాండ్రా నేను తెస్తాను. ఒకరోజు ముందే వస్తాను బాబాయ్. ఉప్పు ఎవరు చూస్తారు మరి?"

సాయంత్రం పాసింజరులో చోటు దొరికింది. వదినగారు కట్టిచ్చిన జొన్నరొట్టె విప్పాను. జాడీ మాత్రం ముట్టలేదు, రొట్టె అంచుకే ఆవిడ ఇంత తొక్కు రాసి ఇచ్చింది. తిన్నాను. ముందు తియ్యగా తగిలింది, తర్వాత కారం వచ్చింది. ఎదుటి బల్ల మీద ముసలావిడ "బాగుందా నాయనా?" అంది. ఏం చెప్పను? బాగుంది. మాణిక్యం చేతి వంటలాగే ఉంది. పొయ్యి ముందు నుంచి పిలిచిన ఆ పిలుపు ఒక్కటీ లేదు, మిగతా అంతా ఉంది.

వెనక రాబోయేవాళ్ళకి చెప్పేదేమంటే, రెడ్డిగూడెం దూరమే. బస్సు నెట్టాలి, బండికి ఆగాలి. అయినా వెళ్ళండి. మీ ఇంట్లో వండే మనిషి ఇంకా ఉంటే, ఉప్పు చూడమని పిలిచినప్పుడు మాత్రం చేతిలో పని పక్కన పడేసి లేచి వెళ్ళండి.

మామిడితోటలు వెనకబడి వరిచేలు మొదలయ్యాయి. నీడ లేని నేల. రైలు తేలప్రోలులో ఆగాక, జాడీ ఎత్తుకోబోతూ చూసుకున్నాను. నా కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా తెరుచుకుని ఉంది. ఎప్పుడు అలా పట్టానో నాకు తెలియదు.