భర్త సంతకం: బెజవాడ వన్ టౌన్‌కు ఒక రోజు ప్రయాణం

పొద్దున్న ఆరింటి లోపే సికింద్రాబాదు స్టేషన్లో ఉన్నాను. తొంభైల చివరి రోజులవి. రిజర్వేషన్ లేని పెట్టెలో కిటికీ పక్క సీటు దొరకడమంటే లాటరీ తగిలినట్టే. నాకు దొరికింది. ఒళ్లో ఒక ఫైలు. దాన్ని మూసెయ్యడానికే బయల్దేరాను.

అప్పట్లో నేను హైదరాబాదులో ఒక చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. పెద్ద వయసులో చదువు మొదలుపెట్టినవాళ్లు మధ్యలో ఎందుకు మానేస్తున్నారో తెలుసుకునే చిన్న చిన్న పరిశోధనలకు మేం డబ్బు ఇచ్చేవాళ్లం. ప్రొఫెసర్లకు కాదు, ఊళ్లలో వాళ్లకు పాఠాలు చెప్పేవాళ్లకే. అందుకు నాకు కాస్త గర్వం కూడా ఉండేది. విజయవాడ వన్ టౌన్లో ఉండే షాహీన్ బేగం గారికి అలాగే ఒక పరిశోధన మంజూరైంది. ఆవిడ ప్రైవేటుగా ఎం.ఏ. కట్టి ప్యాసయ్యారు. తన ఇంట్లోనే చుట్టుపక్కల ఆడవాళ్లకు కుట్టుపని నేర్పుతూ, ఆదివారాలు దూరవిద్య డిగ్రీ క్లాసులో తెలుగు చెప్పేవారు. ఆ క్లాసులో చేరిన ఆడవాళ్లు నెల తిరక్కుండానే ఎందుకు మానేస్తున్నారన్నది ఆవిడ ప్రశ్న. మేం పంపిన ఫారాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి నింపించారు. గడువు దాటి మూడు నెలలైనా మాకు మాత్రం పంపలేదు. "ఫారాలు నిండాయి. పంపడానికి మనసొప్పడం లేదు. ఒకసారి రండి" అని ఒక కార్డు ముక్క వచ్చింది.

"వెళ్లి తెచ్చెయ్యండి. ఇవ్వకపోతే రెండో విడత డబ్బు ఆపేసి ఫైలు మూసేద్దాం" అన్నారు మా డైరెక్టరు గారు.

కాజీపేటలో ఇడ్లీ పొట్లం కొన్నాను. చట్నీ ఆకులోంచి కారి ఉతికిన చొక్కా మీద పడింది. ఎదురు సీట్లో కంకిపాడు రైతు ఒకాయన ఉన్నారు. నేనెవరో, ఎందుకు వెళ్తున్నానో ఒక్కటీ వదలకుండా అడిగి తెలుసుకుని, నవ్వారు.

"ఆడాళ్లు చదువెందుకు మానేశారో కనుక్కోడానికి డబ్బులిచ్చి మరీ మనుషుల్ని పెట్టారా అండీ? మా ఇంటావిణ్ణి అడిగితే ఊరికే చెప్పుద్ది."

"మరి మీరెప్పుడైనా అడిగారా?" అన్నాను.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ, "లేదండీ" అన్నారు.

పన్నెండు దాటాక బెజవాడలో దిగాను. వన్ టౌన్ వెళ్లేవాళ్లకు ఒక మాట: స్టేషన్లోనే వంతెనెక్కి పడమటి వైపు దిగితే దగ్గర. రిక్షా అతను పదిహేను రూపాయలడిగి పన్నెండుకు దిగాడు. గోడౌన్ల ముందు తోపుడు బళ్లు అడ్డంగా నిలబడి ఉన్నాయి, మిరపకాయల బస్తాలు దింపుతున్నారు. సందు చివరికి వెళ్లేసరికి ఏడు తుమ్ములు తుమ్మాను. ఒక మెస్సులో పప్పు, గోంగూర, గడ్డపెరుగుతో ఇరవై రూపాయలకు భోజనం పెట్టారు. వడ్డించే పెద్దాయన వద్దన్నా వినకుండా నెయ్యి వేశాడు. ఇప్పుడు ఆ మెస్సు లేదట. ఎక్కడ గోంగూర తిన్నా ఆయన చెయ్యే గుర్తొస్తుంది.

రెండింటికి షాహీన్ గారి ఇల్లు చేరాను. కింద గోడౌను, పైన వాళ్ల మేడ. లోపలి గది గుమ్మానికి పూల కర్టెన్, దాని వెనక కుట్టు మిషన్ల చప్పుడు. నాకు వరండాలో కుర్చీ వేశారు. షాహీన్ గారు టీ ఇచ్చి ఫారాల కట్ట నా చేతిలో పెట్టారు.

"చదవండి సార్."

చదివాను. ఆరోగ్యం బాగోలేదు. ఆసక్తి తగ్గినది. ఆరోగ్యం బాగోలేదు. ముప్పై రెండు ఫారాల్లోనూ ఇవే జవాబులు, అన్నీ కొట్టు పద్దుల్లోలా ఒత్తి రాసిన అక్షరాలు.

"ఇది మగవాళ్ల రాత కదండీ?" అన్నాను.

"కింద భర్త సంతకం కాలమ్ పెట్టారు కదా సార్. వీళ్లంతా కొట్లు నడిపేవాళ్లు. చెడ్డవాళ్లని కాదు. సంతకం పెట్టే కాగితమంటే ముందు నించి చివరిదాకా వాళ్లే చూసుకుంటారు, వాళ్లే నింపుతారు. వ్యాపారంలో అలవాటు. ఇవి పంపితే అబద్ధం పంపినట్టేగా?"

ఆ ఫారం తయారుచేసింది నేను. కాలేజీ అప్లికేషన్ ఒకటి ముందు పెట్టుకుని, అందులో ఉంది కాబట్టి ఇందులోనూ దించేశాను. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆవిడ ఇంకో నోటుబుక్కు ఇచ్చారు. కుట్టు నేర్చుకుంటూ ఆడవాళ్లు చెప్పిన మాటలు అందులో ఉన్నాయి, పేర్లు లేవు. సిగ్గుపడుతూనే నాలోని ఆఫీసరు మళ్లీ లేచాడు.

"పేర్లు లేకపోతే డబ్బు మంజూరు చేసే మా కమిటీ ఒప్పుకోదండీ. మీరే కూర్చుని రాసుకున్నారంటారు."

లోపల ఒక మిషన్ ఆగింది.

"ఆపా రాసుకోలేదు సార్. నేనే చెప్పాను" అని కర్టెన్ వెనకనించి ఒక గొంతు వినిపించింది. ఆపా అంటే అక్క, షాహీన్ గారన్నమాట. "ఆదివారం కొట్లకి సెలవు. మా ఆయన, మరుదులు అంతా ఇంట్లోనే. మాంసం వండాలి, వచ్చినోళ్లకి పెట్టాలి. ఆ రోజు పుస్తకాలు పట్టుకుని ఎట్లా బయల్దేరతాం? మామూలు రోజుల్లో రెండింటి నించి నాలుగింటి దాకా మా టైము మాదే. అప్పుడు పెట్టమనండి క్లాసు. నా పేరు మెహరున్నీసా. ఇంటర్ ప్యాసయ్యాను."

"మీ ఇంట్లో తెలిస్తే?" అన్నారు షాహీన్ గారు మెల్లిగా.

"తెలియనీ ఆపా."

కర్టెన్ పక్కనుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. వేళ్లకు దారప్పోగులు అంటుకుని ఉన్నాయి.

"ఆ పుస్తకం ఇట్లా ఇవ్వండి సార్. సంతకం పెట్టడం నాకూ వచ్చు."

ఇచ్చాను. నిమిషంలో తిరిగొచ్చింది. పేజీ అడుగున తెలుగులో పూర్తి పేరు, ఇంకా సిరా ఆరలేదు.

నాలుగున్నరకు హైదరాబాదు బస్సెక్కాను. భవానీపురం దాటుతుంటే ఎడమవైపు కృష్ణ మీద ఎండ ఇంకా చురుగ్గానే ఉంది. తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. డైరెక్టరు గారు నాకు చీవాట్లు పెట్టారు, కానీ ఆ నోటుబుక్కునే నివేదికగా కమిటీ చేత ఒప్పించారు. రెండో విడత వెళ్లింది. మరుసటి ఏడాది ఆ క్లాసు బుధవారం మధ్యాహ్నాలకు మారింది. మెహరున్నీసా డిగ్రీ పూర్తి చేసిందో లేదో నేను కనుక్కోలేదు. ఆ ఉద్యోగంలో ఎన్ని ఊళ్లు తిరిగానో లెక్కలేదు, ఎన్నో మరిచిపోయాను కూడా. ఆ రోజుల్ని తలచుకున్నప్పుడల్లా మాత్రం మనసు ఆ మధ్యాహ్నానికే పోతుంది.

అవన్నీ తర్వాత. ఆ సాయంత్రం బస్సులో ఒళ్లో ఒక తెల్ల కాగితం పెట్టుకుని కూర్చున్నాను. "ఫారంలో భర్త సంతకం కాలమ్ పెట్టింది నేనే. ఫారాలు చెల్లకపోవడానికి కారణం పరిశోధకురాలు కాదు, నేను" అని కుదుపుల మధ్య రాశాను. ఇబ్రహీంపట్నం రాకముందే రాయడం అయిపోయింది. దాని కింద నా సంతకం పెట్టడానికి సూర్యాపేట దాకా పట్టింది.