కిందినుంచి చూసిన కప్పు

టిక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టిక్.

తిరువళ్లూరులో ఇనుప షెడ్లు కట్టే మా ఆఫీసు మెట్లెక్కుతుంటే వినబడింది, ఎవరో గోటితో తలుపు తడుతున్నట్టు. లోపల వనజాక్షి ఒక్కతే. కీబోర్డు మీద బాణం గుర్తు నొక్కుతూ ఎక్సెల్ షీటులో ఒక్కో వరుసా దిగుతోంది.

ఆమె పుట్టింది తిరుత్తణి దగ్గర నేతవాళ్ల ఇంట్లో. ఇప్పుడు కంప్యూటర్‌లో షెడ్ల పైకప్పులు గీస్తుంది. మోడల్‌లో వెడల్పు ఒక్కటి మారిస్తే చాలు, దూలాలూ వాటిని కలిపే ఇనుప పలకలూ వాటంతట అవే కొత్త కొలతలకు ఒదుగుతాయి. ఆ కొలతల్ని పేర్లతో సహా షీటులోకి ఎక్స్‌పోర్ట్ చేసి పంపితే, సైటులో ఇనుము అలాగే బిగుస్తుంది.

"అన్నా, ఎడమా కుడీ మారిపోయినాయి," అంది నా వైపు చూడకుండా.

వాళ్లింట్లో మగ్గం మీద చీర బోర్లా నేస్తారు. పువ్వు కిందివైపు పూస్తుంది. నేసేవాళ్లకు కనబడేది దాని వీపే. చిన్నప్పుడు మగ్గం కింద దూరి పువ్వును చూసిన ఈ పిల్ల, కప్పునూ కిందినుంచి తిప్పి చూసి, పలకలకు ఎడమ, కుడి అని పేర్లు పెట్టింది. సైటులో వాళ్లు పైనుంచి గీసిన పటం చూసి బిగిస్తారు. మందపు పలక ఉండాల్సిన చోటికి పలచనిది వెళ్తుంది. రెండింటి బోల్టు రంధ్రాలూ ఒకటే గనక చక్కగా పడుతుంది. బరువు మోశాకే తెలుస్తుంది.

తిరుత్తణిలో ఆ కప్పును ఇప్పుడే ఎత్తుతున్నారు. బిగించేది ఆమె అక్క మొగుడు వరదన్.

స్పీకరు పెట్టి అతనికి ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. చివరికి ఎత్తాడు.

"ఏమే మరదలా, బిరియానీ పంపిస్తాండావా?"

"బావా, యాడుండావు?"

"నీ దూలం కిందే. క్రేనుకు ఊగతాంది, ఊయల మాదిరి."

"దించమను. నువ్వు బయటికి రా. షీటు తప్పు."

"పలక బాగానే కూర్చుంటాందే!"

"కూర్చుంటాది బావా, అదే నాకు బయం. చీక్రం రా, తొందరగా!"

గాలి హోరు. ఎవరిదో అరుపు. గొలుసుల రాపిడి. తర్వాత ఏమీ లేదు.

"దించేసినారు లే," అన్నాడు వరదన్ చాలాసేపటికి. "మేస్త్రీ నిన్ను తిడతాండాడు." ఈసారి గొంతులో నవ్వు లేదు.

ఆమె పేర్లు సరిచేసి, షీటు మళ్లీ పంపింది. ఇక కుదుటపడుతుందనుకున్నాను. పాత ఫైలు ఒకటి తెరిచింది. టిక్. టిక్. వేలు ఆగిపోయింది. ఎవరికో ఫోను చేసింది, ఎత్తలేదు. చెప్పులు వెతుక్కుంటూ లేచింది.

"అన్నా, మీ బండి ఉండాదా? ఊత్తుకోట సంత షెడ్డుకీ ఇదే మాదిరి షీటు పంపింది నేనే. ఇయ్యాల సంత."