బావగారి ముక్కు, నర్సరీ ఆవిడ బోరు

బావగారికి ఎదుటి మనిషి మొహంతో పనిలేదు, చేతులు కావాలి. ఎవరెదురైనా "బాగున్నారా?" అనడు, "చేతులేవీ?" అంటాడు. పాపం, వాళ్లు చాపగానే వంగి వాసన చూస్తాడు. ఆఫీసులో ఆయన పేరు మర్చిపోయి అందరూ 'చేతులేవీ గారు' అనే పిలిచేవారు.

ఇదంతా ఉద్యోగం తెచ్చిపెట్టిన తిప్పలు. ఊరి చివర మూతపడ్డ పెట్రోలు బంకు ఒకటుంది. దాని భూగర్భ ట్యాంకుకి చిల్లుపడి ఎన్నాళ్లు కారిందో ఏమో, పెట్రోలంతా నేలలోకి దిగి అడుగునున్న నీళ్లలో కలిసింది. చుట్టుపక్కల బోర్లలో నీళ్లు తీసి, గాజు సీసాల్లో పట్టి, ల్యాబుకి పంపడం బావగారి పని. వ్యాను నడపడం, పంపు మొయ్యడం ఆయన బావమరిది పని. నేల కింద ఏముందో తెలుసుకోవాలని బావగారికెంత కుతూహలమో, బావగారి బుర్రలో ఏముందో తెలుసుకోవాలని బావమరిదికి అంత కుతూహలం.

"పెళ్లైన కొత్తలో రోజూ నా చెయ్యి పట్టుకుని మొహం దగ్గర పెట్టుకునేవారురా," అని చెప్పేది అక్క. "ఎంత ప్రేమో అని మురిసిపోయాను. తీరా చూస్తే, 'సబ్బు మార్చావా?' అన్నారు!"

నీళ్లు పట్టే రోజు సెంటు, తలనూనె నిషేధం. వ్యానులో పెట్రోలు ముందురోజే పోయించాలి. ఈసారి బావమరిది ఆ సంగతి మర్చిపోయాడు. వ్యాను సరిగ్గా ఓ కొత్త బంకు ముందు ఆగిపోయింది.

"బావగారూ, మన అదృష్టం చూడండి! ఎదురుగానే బంకు!"

"వద్దు. తొయ్యి."

"బంకు ముందు నుంచి వ్యాను తోసుకుపోతే జనం నవ్వరూ?"

"నవ్వనీ. నువ్వు మాత్రం అటు గాలి పీల్చకుండా తొయ్యి."

ఒళ్లు హూనం చేసుకుని ఇద్దరూ నర్సరీకి చేరారు. పాత బంకు గోడ పక్కనే ఒకావిడ నడిపే మొక్కల నర్సరీ అది. నీళ్లలో పెట్రోలు తేలిందని అధికారులు ఆవిడ బోరు మోటారుకి సీలు వేశారు. అప్పట్నుంచీ ట్యాంకర్ల నీళ్లతోనే నెట్టుకొస్తోంది. కిందటిసారి పరీక్షలో ఏమీ తేలలేదు. ఈసారీ తేలకపోతే సీలు తీస్తారు.

"తేలితే మాత్రం ఇక నావల్ల కాదండీ. మొక్కలన్నీ ఎవరికో ఇచ్చేసి పోతాను," అంది ఆవిడ.

బావగారు బోరులోకి పంపు దించాడు. నిలవ నీళ్లన్నీ తోడిపోస్తే గానీ అసలు నీళ్లు రావు. అందాకా ఖాళీగా ఎందుకని బావమరిది మెల్లగా జారుకుని, కొత్త బంకు నుంచి డబ్బాతో పెట్రోలు తెచ్చి వ్యానులో పోసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడ్డాడు.

బావగారు సీసా అంచుదాకా నింపి, "మూత!" అన్నాడు. బావమరిది అందించాడు. మూత బిగించి, సీసా తలకిందులు చేసి, వేలితో తట్టాడు. గాలి చేరితే పరీక్షలో లెక్క తప్పుతుంది; ఆవగింజంత బుడగ కూడా లేదు. ఐసుపెట్టెలో పెట్టబోయి ఆగిపోయాడు. ముక్కు అదిరింది.

"చేతులేవీ?"

బావమరిది చాపాడు. బావగారు ఒక్కసారి వాసన చూసి, పట్టిన నీళ్లన్నీ నేలపాలు చేశాడు.

నర్సరీ ఆవిడ పరుగున వచ్చింది. "ఎందుకండీ పారబోశారు? మళ్లీ వచ్చిందా? నా నీళ్లు పాడైపోయాయా?"

బావమరిదికి అప్పుడు తెలిసొచ్చింది. ఆ సీసా అలాగే వెళ్లుంటే, వ్యానులో పోసిన పెట్రోలు ఈవిడ బోరులో దొరికినట్టయ్యేది. సిగ్గుతో చచ్చిపోతూ నోరు తెరవబోయాడు. బావగారు అడ్డుపడ్డాడు.

"మీ నీళ్లకేం కాలేదమ్మా. నా చేతులే శుభ్రంగా లేవు. మళ్లీ పడతాను."

"చాల్లెండి! ఇంత ఉద్యోగం చేస్తూ చేతులు కడుక్కోవడం కూడా తెలీదా?"

"పొరపాటైపోయిందమ్మా," అని బావగారు తలొంచుకున్నాడు. బావమరిదిని గేటు అవతల నిలబెట్టి, కొత్త గ్లోవ్స్ తొడుక్కుని, మొదట్నుంచీ మొదలుపెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు బావమరిది ఉండబట్టలేకపోయాడు. "నేనే చేశానని చెప్పొచ్చుగా బావగారూ?"

"చెప్తే మళ్లీ ఆవిడ గేటు దాటి లోపలికి రాగలవా? అయినా అది కాదురా. మన చేతి మరకతో ఆవిడ నర్సరీ మూయించడం ఎంతసేపు! అందుకే నాకీ చేతుల పిచ్చి. నవ్వితే నవ్వనీ."

ల్యాబు నుంచి కబురొచ్చింది. నీళ్లలో పెట్రోలు జాడే లేదు. సీలు తీసిన రోజు ఇద్దరూ వెళ్లారు. మోటారు వెయ్యగానే పైపు దగ్గి, తుమ్మి, బుస్సుమని నీళ్లు కక్కింది. నర్సరీ ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మొదటి చెంబు నింపుకుని ఏ గులాబీకో పోస్తుందనుకుంటే, తిన్నగా బావగారి దగ్గరికి వచ్చింది.

"ఏమీ అనుకోకండి. మంచివారే, కానీ మీకు శుభ్రం తక్కువ. ఇలా చాపండి."

బావగారు మహా బుద్ధిమంతుడిలా రెండు చేతులూ చాపాడు. ఆవిడ నీళ్లు పోస్తూ, గోళ్ల సందుల్లో కూడా రుద్దుకోమని చెబుతోంది. ఆయన, "అలాగేనమ్మా, అలాగే," అంటూ రుద్దుకుంటున్నాడు. బావమరిది నవ్వాపుకోలేక క్రోటన్ కుండీల వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.