‘పి’లో పెట్టిన కారు

జ్ఞానప్రసూనకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. భిలాయి సెక్టర్ 2లోని క్వార్టర్ నుంచి, ఖుర్సీపార్‌లో తాను పాఠాలు చెప్పే బడికి పదేళ్లు రిక్షాలోనే వెళ్లింది. ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన మూడో ఏట, ఉక్కు ప్లాంటులో పనిచేసే ఆమె భర్త యుగంధర్ ఒక పాత ఆటోమేటిక్ కారు కొన్నాడు. దానికి క్లచ్ లేదు, కుడికాలు ఒక్కటే చాలు. నెల తిరిగేసరికి ఆమె డ్రైవింగ్ నేర్చేసుకుంది.

ఆగస్టులో ఒక ఉదయం ఐదేళ్ల కూతురు అమ్మును వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరింది. గేటు దాటాక కారు ఆపి, గేరు రాడ్డును పార్కింగ్ గుర్తు ‘పి’ దగ్గర పెట్టి, ఇంజన్ ఆపకుండానే గేటు వెయ్యడానికి దిగింది. గేటు లాగుతుండగా పక్కింటి అప్పయమ్మ కేక వినిపించింది.

“ఓలమ్మా! పంతులమ్మా, ఎనక సూడు! కారొచ్చేత్తంది!”

తిరిగి చూసేసరికి కారు రెండడుగుల దూరంలో ఉంది. పరుగెత్తే కాలు కాదు ఆమెది. పక్కకు పడిపోయింది. కారు గేటు స్తంభాన్ని గుద్ది, ఇంకా వెనక్కే నెడుతోంది. ఆమె డోరు పట్టుకుని లేచి, చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పింది. ఇంజన్ ఆగింది.

“మమ్మీ, మైనే కుచ్ నహీ కియా!” అని, తానేమీ చెయ్యలేదని హిందీలో చెబుతూ అమ్ము వెక్కివెక్కి ఏడ్చింది.

“కంగారులో రివర్సు గుర్తు ‘ఆర్’లో పెట్టీసుంటావు,” అన్నాడు డ్యూటీ నుంచి వచ్చిన యుగంధర్.

“‘ఆర్’లో పెడితే నేను దిగినప్పుడే కదిలిపోవాల కదండీ. గేటు దాకా నడిచీవరకూ ఎందుకాగింది? హ్యాండ్‌బ్రేకు వెయ్యకపోడం నా తప్పే. కానీ ‘పి’లోనే పెట్టాను.”

పక్షం రోజులు ఆమె కారు ముట్టలేదు. బోర్డు మీద రాస్తుండగా బయట స్కూటర్ చప్పుడైతే చాలు, గబుక్కున వెనక్కి తిరిగేది. నిజంగా తానే పొరపాటు చేసిందా అన్న భయం ఇంకో పక్క తినేసేది.

ఆ తర్వాత యుగంధర్ నడపగా ఇద్దరూ కారును రాయ్‌పూర్ తీసుకెళ్లారు. అక్కడి వర్క్‌షాపులో ఇంజనీరు రెండుసార్లు నడిపి చూసి, కారుకు ఏ లోపమూ లేదన్నాడు. ఆడవాళ్లు కంగారులో పొరపడుతుంటారని నవ్వాడు.

“అయితే ఇంజన్ ఆన్‌లో ఉంచి, ‘పి’లో పెట్టి, మీరే వెనక నిలబడండి,” అందామె హిందీలో.

అతను కదల్లేదు. చివరికి ‘పి’లో పెట్టి ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, కారు వెనక తనకు బదులు రెండు పాత టైర్లు పెట్టించాడు. ఒక నిమిషం గడిచింది. రెండు. నాలుగో నిమిషంలో లోపల టక్కుమంది. వెనక రివర్సు తెల్లదీపాలు వెలిగాయి. ఎవరూ ముట్టుకోని కారు వెనక్కి వచ్చి టైర్ల మీదికెక్కింది.

విప్పి చూస్తే గేరు కేబులు వదులైపోయి ఉంది. రాడ్డు ‘పి’ చూపిస్తున్నా లోపలి లాకు పూర్తిగా పడటం లేదు. ఇంజన్ అదురుకు రివర్సులోకి జారిపోతోంది. రెండూ మార్చి ఇచ్చారు.

తిరుగుదారిలో ఆమే నడిపింది. ఇంటికి పోకుండా రిసాలి వైపు తిప్పింది. అలాంటి కారే ఉన్న రిటైర్డ్ ఫోర్‌మన్ పరబ్రహ్మం ఇల్లు అక్కడే. జరిగినదంతా ఆయనకు చెప్పింది.

“నాకూ ఒకపాలి అయిందమ్మా,” అన్నాడాయన. “వయసైపోయింది, నేనే మరిచిపోయేననుకున్నాను. ఎవలికీ చెప్పలేదు.”

వాకిట్లో, ఎక్కడికో బయల్దేరబోతూ ఇంజన్ ఆపకుండా వదిలిన ఆయన కారు వెనక, మనవలు ముగ్గజ్జు ఆటకు నేల మీద గీతలు గీసుకుని ఆడుకుంటున్నారు. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ల వైపు పరుగెత్తాడు.