అక్క ఆపనివ్వని పడవ ఆట

ఇందాక బల్ల మీది ల్యాప్‌టాప్ మూయబోయి, పక్కగదిలో అక్క ఉన్నదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అందులో నా పాత పడవ ఆట నడుస్తోంది.

మన తరం వాళ్ళకు చెప్పనక్కర్లేదు, టీవీకి తగిలించుకునే ఆ బుల్లి కంప్యూటర్లలో ఆట ఎక్కాలంటే క్యాసెట్టు పెట్టి, అది కీచుమని అరుస్తున్నంతసేపూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ కూర్చోవలసిందే. అల్లూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నేనూ ఒకటి కొని, సొంతంగా ఈ ఆట రాశాను. నాలుగు గీతల పడవ సముద్రంలోకి పోయి, చేపలు పట్టుకుని, తుఫాను రాకముందే ఒడ్డుకు చేరాలి, అంతే. జువ్వలదిన్నెలో చేపల వేటకు వెళ్ళే మా బావ అది చూసి, "గాలి ఎదురైతే పడవ అట్ట నేరుగా పోదబ్బాయ్" అని పడీపడీ నవ్వి, ఏటవాలుగా ఎలా నడపాలో చెబితే అలాగే మార్చాను. అక్క మాత్రం నవ్వేది కాదు. బావ వేటకు వెళ్ళినప్పుడల్లా మా ఇంటికి వచ్చి, నేను ఆడుతుంటే పక్కన కూర్చుని, తెర మీది పడవ ఒడ్డు చేరేదాకా టీవీ కట్టెయ్యనిచ్చేది కాదు. నేనేమో ఎగతాళి చేస్తూనే ఆమె మాట వినేవాణ్ణి.

ఒకరోజు తెర మీది పడవ నడిసముద్రంలో ఉండగా కరెంటు పోయింది. ఆ వేటకు వెళ్ళిన బావ తిరిగి రాలేదు. అక్క నన్ను ఒక్క మాటా అనకుండా నా దగ్గరే ఉండిపోయింది. నేను మళ్ళీ ఆ క్యాసెట్టు ముట్టలేదు.

రిటైరయ్యాక ఊసుపోక, ఆ క్యాసెట్టులోని శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఇప్పటి పద్ధతుల్లో ఆటను తిరగరాశాను. ఒడ్డున మొదలవ్వాల్సిన పడవ, తెరవగానే నడిసముద్రంలో కనిపించింది, సరిగ్గా ఆనాడు ఉన్నచోటే. మీటలు నొక్కితే కదలలేదు. ప్రోగ్రామంతా వరుస వరుసా వెతికాను. మన బదులు తప్పులు వెతికిపెట్టే సాధనాలు ఇప్పుడున్నాయి కదా, అవి కూడా అంతా సవ్యంగానే ఉందన్నాయి. విసిగిపోయి ఆపేద్దామనుకునేసరికి వెనక అక్క నిలబడి ఉంది.

"ఆపబాకరా, పడవింకా గట్టుకు రాలా" అంది.

అప్పటినుంచి ఆపలేదు. ఎవరూ ముట్టకుండానే పడవ రోజూ కాస్త కాస్త ఒడ్డువైపు జరుగుతోంది, అదీ నేరుగా కాదు, బావ చెప్పినట్టు ఏటవాలుగా. చూస్తుంటే నాకు భయం వేస్తోంది. అక్క మొహంలో మాత్రం ఎన్నేళ్ళుగానో చూడని కళ. ఇవాళ పడవ ఒడ్డుకు ఒక్క గడి దూరంలో ఉంది. అక్క చేపల పులుసు పెట్టి, మూడు కంచాలు కడిగి బోర్లించింది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

రేపు ఆ పడవ ఒడ్డు తగిలాక అందులోంచి ఎవరూ దిగకపోతే అక్క ఏమైపోతుందో, దిగితే నేనేమైపోతానో తెలియడం లేదు. ఆ రోజుల్లో కరెంటు ఎక్కడ పోతుందోనని బిక్కుబిక్కుమంటూ ఆడేవాళ్ళం. ఇప్పుడు ఇన్వర్టరుంది, అదీ కాకపోతే బ్యాటరీ ఉంది, ఏదీ మధ్యలో ఆగిపోదు. ఒక్కసారి, వెనకటిలాగా, ఇల్లంతా చీకటైపోతే ఎంత బాగుండును.