తోక బరువు

సూర్యాపేట బైపాసు పక్కన నేను పనిచేసే ట్రాలీల షెడ్డు ముందు లారీలు ఆగినప్పుడల్లా బ్రేకులు కాలిన వాసన వస్తుంది. మాడిన రబ్బరుకూ కాలిన వెంట్రుకలకూ మధ్య ఎక్కడో ఉండే ఆ వాసనకు షెడ్డులో అందరూ ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం మా అక్క గుర్తొస్తుంది. తోబుట్టువును మల్లెపూల వాసనతో గుర్తుచేసుకునే యోగం అందరికీ ఉండదు. ముందే చెప్పేస్తున్నాను, ఆ వాసన వచ్చిన రోజు ఎవరూ చనిపోలేదు. కారిన రక్తం కూడా ఒక మోకాలిదే, ఆ మోకాలు నాదే.

మాది గరిడేపల్లి దగ్గర గొర్లు కాసే ఇల్లు. ఇల్లు అనడం అలవాటు కొద్దీ అంటున్నాను గానీ, వరికోతలు అయిపోయినప్పటినుంచి తొలకరి పడేదాకా మేం ఇంట్లో ఉన్నది తక్కువ. కోసిన పొలంలో గొర్లమందను రాత్రంతా నిలిపితే ఆ పెంటికలతో, మూత్రంతో మడి బలపడుతుందని రైతులు మమ్మల్ని పిలిపించుకునేవాళ్ళు. ఒక పొలంలో రెండు రోజులు, ఇంకో పొలంలో మూడు రోజులు, అలా కాలువ వెంబడి నిడమనూరు దాకా పోయి మళ్ళీ తిరిగొచ్చేవాళ్ళం. పొద్దున్నే మంచుకు తడిసిన గొర్రెబొచ్చు వాసన, వరికొయ్యలు అరికాళ్ళకు గుచ్చుకోవడం, మూడు రాళ్ళ పొయ్యి మీద అమ్మ కాల్చే జొన్నరొట్టె, దాంతో నంజుకోవడానికి ఎండుమిరపకాయల కారం, ఈనిన గొర్రె ఉంటే ఆ రోజు జున్ను, రైతు ఇంటి నుంచి గిన్నెలో వచ్చే పచ్చిపులుసు. మధ్యాహ్నమంతా నేనూ అక్కా ఎండిన మడిలో చిర్రగోనె, అంటే కర్రాబిళ్ళ, ఆడేవాళ్ళం. అక్క కొట్టిన చిర్ర రెండు మళ్ళు దాటి పడేది, నేను కొట్టింది నా కాలి మీదే పడేది. దీన్ని పల్లె అందం అని రాసేవాళ్ళు ఆ వరికొయ్యల మీద ఒక్క రాత్రి పడుకుని ఉండరు.

పడుకోవడానికి మాకున్నది ఒక నీలం తాటిపత్రి. నాలుగు కర్రలు పాతి దాన్ని కప్పితే పైకప్పు అయ్యేది, గోడలు ఉండేవి కావు. మగవాళ్ళకు అది ఇబ్బంది అనిపించలేదు. అమ్మ స్నానం చేయాలంటే అందరికంటే ముందు, మసక వెలుతురులో కాలువకు పోవాలి. అక్కకు పదమూడు నిండాక అమ్మ ఆ తాటిపత్రిని చూసే చూపు మారిపోయింది. నిడమనూరులో మా మేనత్త ఉండేది. పిల్లలు లేని ఆమె, "పిల్లను నాకియ్యిరి, నా దగ్గర పెరుగుతది, ఇగ చెట్లెంబడి పుట్లెంబడి ఎందుకు తిప్పుతరు" అని వచ్చినప్పుడల్లా అడిగేది. అమ్మ ప్రతిసారీ ఏదో ఒక పని ఉన్నట్టు లేచిపోయేది. చివరికి ఒకరోజు నాయినతో తెగేసి చెప్పింది.

"ఒక తలుపున్న రూము తే. పిల్ల మనతోనే ఉంటది. లేకుంటే మీ చెల్లెకు పంపు, నేను అడ్డం రాను."

మా నాయిన అడిగిన మాటకు అప్పుడే జవాబు చెప్పే మనిషి కాదు. పదిహేను రోజుల తర్వాత జవాబు కోదాడలో దొరికింది. హైవే వెడల్పు చేసినప్పుడు ఇంజనీర్లు ఉండటానికి కాంట్రాక్టరు తెచ్చిన చక్రాల ఇనప గది ఒకటి, పని ముగిశాక ఒక దాబా వెనక ముళ్ళకంపల్లో పడి ఉంది. నాయిన రెండు పొట్టేళ్ళు ఇచ్చి దాన్ని తీసుకున్నాడు. ఆకుపచ్చ రంగు, రెండు కిటికీలు, లోపల ఒక బల్ల, తిరగని ఫ్యాను, అన్నిటికంటే ముఖ్యంగా లోపలి నుంచి గొళ్ళెం పెట్టుకునే తలుపు. అక్క లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకుంది. మేం బయట నిలబడి పిలిచినా తీయలేదు. ఆ రోజు ఆమె నవ్వినంతగా పెద్దగట్టు జాతరలో రంగులరాట్నం ఎక్కినప్పుడు కూడా నవ్వలేదు. మా గొర్లకు గొళ్ళెం పెట్టుకునే యోగం లేదు గనక మంద కాపలాకు మా చిన్నాయినను పెట్టి, మేం అందరం ఆ గదిని తీసుకురావడానికి వచ్చాం.

లాగాల్సింది మా చిన్న పికప్పు. సంతకు పొట్టేళ్ళనూ, నడవలేని గొర్రెపిల్లలనూ మోయడానికి కొన్న ఆ బండి, గదితో పోలిస్తే ఏనుగును గుంజుతున్న మేకలా ఉంది. దానికి వెనక కొక్కెం అతికించిన సైదులు కోదాడలో లారీ డ్రైవరు, నాయిన స్నేహితుడు. అప్పుడే రంగంలోకి మా తాత దిగాడు.

తాత జీవితమంతా ఎడ్లబండి కట్టినవాడు. బండి ముందు బరువైతే కాడి ఎద్దు మెడ మీద కూర్చుంటుంది, మెడ పుండవుతుంది, అందుకని బరువు ఎప్పుడూ వెనక్కి జరపాలి, ఇది ఆయనకు తెలిసిన విద్య. ఎడ్లు పోయి చాలా ఏళ్ళయినా విద్య పోలేదు. మేం వెంట తెచ్చుకున్న వడ్ల బస్తాలు, ఉప్పు బస్తాలు, మంద చుట్టూ కట్టే వలల కట్టలు, ఇనప గూటాలు, చివరికి రెండు డ్రమ్ముల నిండా నీళ్ళు, అన్నీ గది వెనక గోడకు ఆనించి పెట్టించాడు. పికప్పు వెనక భాగం పైకి లేచింది. తాత దాని మీద చెయ్యేసి, ఎద్దును నిమిరినట్టు నిమిరాడు.

సైదులు నెత్తి గోక్కుంటూ వచ్చాడు. "పెద్దాయనా, బరువు ముందుకెయ్యాలండీ. తోక బరువైతే గది ఊగుద్ది, చిన్న బండి ఆపలేదు. గదికి బ్రేకులు కూడా లేవు."

తాత అతన్ని కిందినుంచి మీదికి చూశాడు. "ఎద్దు మొఖం సూడనోడివి, నువ్వు నాకు బండి కట్టుడు నేర్పుతవా? ముంగల బరువేస్తె బండి మెడ ఇరుగుతది."

"దీనికి మెడెక్కడుందండీ?"

"నీకున్నదిగా, దాన్ని సూసుకో."

సైదులు నాయిన వైపు చూశాడు. నాయిన పికప్పు వెనక టైర్ల వైపు చూశాడు, అవి నేలను ఆనీ ఆననట్టు ఉన్నాయి. తర్వాత తాత వైపు చూశాడు. మా ఇంట్లో తండ్రి మాట మీద కొడుకు మాట లేవదు, పరాయివాడి ముందైతే అసలే లేవదు. "నాయిన చెప్పినట్టే కానియ్యి" అన్నాడు. సైదులు ఒక్కటే చెప్పి పక్కకు జరిగాడు: "ఊగితే బ్రేకు తొక్కకు. ఎక్సలేటరు మీంచి కాలు తీసెయ్, దానంతటదే నెమ్మదిస్తది."

తాత ముందు సీట్లో, నాయిన పక్కన, రథం మీద దేవుడిలా కూర్చున్నాడు. అమ్మ, అక్క, నేను పికప్పు వెనక తొట్టిలో. అక్క గది తలుపు కనబడేలా వెనక్కి తిరిగి కూర్చుంది. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా సమంగానే వచ్చాం. దారిపొడుగునా జనం చేతులూపారు, మేమూ ఊపాం, గది కూడా కొంచెం ఊపింది. కాలువ వంతెన దాటి వాలు దిగుతుంటే అది మా కంటే ఎక్కువ ఊపడం మొదలుపెట్టింది. ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు, ప్రతిసారీ ఇంకొంచెం దూరం, దాంతోపాటు పికప్పు తోకను కూడా లాగుతూ. ఎవరైనా ఏం చేస్తారో నాయిన అదే చేశాడు, బ్రేకు తొక్కాడు. ఆ వాసన అప్పుడు వచ్చింది. గది మమ్మల్ని దాటిపోవాలని చూసి, కుదరక అడ్డం తిరిగి, కొక్కెం తెంపుకుని, రోడ్డు దిగి నాటేసిన మడిలో పక్కకు వాలి పడుకుంది. పికప్పు మైలురాయికి తగిలి ఆగింది. నా మోకాలు గీరుకుంది. నేను ఏడ్వడానికి సిద్ధమయ్యాను గానీ ఎవరూ చూడకపోవడంతో మానేశాను.

అందరం దిగి బురదలో నిలబడ్డాం. ఇరుసు విరిగింది. తలుపున్న ముందు గోడ గట్టుకు గుద్దుకోవడంతో చట్రం నొక్కుకుపోయి, తలుపు సగం తెరిచిన నోరులా ఉండిపోయింది. అక్క పోయి దాన్ని మూయడానికి తోసింది. మళ్ళీ తోసింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చింది.

తాత చాలాసేపు గది చుట్టూ తిరిగి, "రోడ్డు మంచిగ లేదు" అన్నాడు.

"అవు నాయినా" అన్నాడు మా నాయిన.

కొత్తగా తారు వేసిన ఆ రోడ్డు ఏమీ అనలేదు.

వారం తిరక్కముందే మేనత్త వచ్చింది. ఈసారి అమ్మ లేచి వెళ్ళడానికి పని వెతుక్కోలేదు, అక్క బట్టలు మూటకట్టింది. అక్క తన గోటీల డబ్బా నా చేతిలో పెట్టి, "అన్నీ ఆడుకో, పచ్చది ఒక్కటి పోగొట్టకు" అంది. ఆ డబ్బా దొరికినందుకు సాయంత్రం దాకా సంతోషంగానే ఉన్నాను. అంత తెలివైన పిల్లవాణ్ణి.

తర్వాత కోదాడలో ఇంజనీరింగ్ చదువుతుండగా ఒక పుస్తకంలో వెనక బండి బరువు గురించి రెండే రెండు వాక్యాలు చదివాను. అవి సైదులు చెప్పిన మాటలే, కాకపోతే పుస్తకంలో "అండీ" లేదు. ఇప్పుడు షెడ్డుకు వచ్చేవాళ్ళకు నేనూ చెబుతాను, బరువు ముందుకు వేయమని, ఊగితే బ్రేకు తొక్కొద్దని. వాళ్ళు తలూపి, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి వస్తామంటారు.

తాత పోయాడు. మంద అమ్మేశాం. పొలాలకు ఇప్పుడు యూరియా బస్తాలు వస్తున్నాయి, గొర్లను ఎవరూ పిలవరు. ఆకుపచ్చ గదిని పాత ఇనుము వాళ్ళు ఆ మడిలోనే కోసుకుపోయారు. గరిడేపల్లిలో మాకిప్పుడు మూడు గదుల ఇల్లుంది.

మొన్న ఎండాకాలం అక్క వచ్చింది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో పనిచేస్తుంది, ఉండటం నిడమనూరులోనే. అమ్మ ఆమెకు కొత్త పళ్ళెం తీసింది, మేం వాడేది కాదు. అక్క మంచినీళ్ళకు లేచి, బిందె ఎక్కడుందని అడిగింది. భోజనాలయ్యాక నాయిన ఉన్నట్టుండి, గోడకేసి చూస్తూ అన్నాడు.

"సైదులు చెప్పింది నిజమని నాకప్పుడే ఎరుక బిడ్డా. టైర్లు లేచినయ్, సూసిన. మా నాయిన ముంగట ఎట్ల అనాలె?"

అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ లేచింది. "పోనీ తీ నాయినా, ఎప్పటి ముచ్చటో. నేను పోత. చీకటైతే నిడమనూరుల అమ్మ పరేషాన్ అయితది."

మా అమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది. "అవు, పో బిడ్డా, బస్సెల్లిపోతది" అంది. లోపలికి వెళ్ళి, మిగిలిన కూర స్టీలు డబ్బాలో పెట్టి తెచ్చి చేతికిచ్చింది.

"డబ్బా మళ్ళ నువ్వే పట్టుకొస్తవా?"

"ఎవలతోనన్న పంపిస్త తీయ్" అంది అక్క, చెప్పులేసుకుంటూ.