ఎనిమిదేసి మందితో ఆడిన ఫైనల్

ఆ ఏడాది ఇబ్రహీంపట్నంలో మా క్రికెట్ లీగ్‌కు జెర్సీలు కుట్టించింది ఒక వైన్స్ యజమాని. అందరి వీపుల మీదా ఆయన దుకాణం పేరే. గెలిచినవాళ్లకు కప్పుతోపాటు రెండు కాటన్ల బీర్లు. నేను మా జట్టు కెప్టెన్‌ని, వికెట్ కీపర్‌ని. అందులో తప్పేముందని నాకు ఒక్కనాడూ అనిపించలేదు.

సెమీఫైనల్ అయిన సాయంత్రం మా ఫాస్ట్ బౌలర్ బ్యాగులో గంజాయి సిగరెట్ దొరికింది. అతను ఆదిబట్లలో ఫ్యాక్టరీ పని చేస్తాడు. మోకాలి నొప్పికి నిద్ర పట్టక అలవాటైందని ఒప్పుకున్నాడు. లీగ్ కమిటీ పెద్ద అక్కడికక్కడే రెండేళ్లు ఆడొద్దన్నాడు. ఆ తీర్పు చెబుతున్నప్పుడు ఆయన నోటి నుంచి బీరు వాసన గుప్పుమంది.

మర్నాడు రావిర్యాల జట్టుతో ఫైనల్. టాస్ దగ్గర కమిటీ పెద్దను అడిగేశాను.

"అన్నా, మా బౌలర్ తప్పు చేసిండు, శిక్ష పడనీ. మరి తాగొచ్చి ఆడెటోళ్ల సంగతేంది?"

"బీరు దుకాణంల అమ్ముతరు. గంజాయి పట్టుకుంటే జైలే. రెండు ఒక్కటెట్లయితయ్?" అన్నాడు కమిటీ పెద్ద.

"నేను కానూన్ గురించి అంటలేను. పోయిన ఆదివారం ఒకడు తాగి క్యాచ్‌కు ఉరికి, పక్కోని పన్ను రాలగొట్టిండు. మనమంత నవ్వినం."

"గా పన్ను నాదే," అన్నాడు పక్కనే ఉన్న రావిర్యాల కెప్టెన్. పెదవి ఎత్తి ఖాళీ చూపించాడు. "ఇయ్యాల తాగినోడు దిగొద్దు. మా దాంట్ల గూడ."

అంపైర్ రిటైరైన లెక్కల మాస్టారు. మా బౌలర్ బదులు వచ్చినవాడితో సహా అందరినీ వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి నోటి వాసన చూశాడు. మాలో ముగ్గురు, వాళ్లలో ముగ్గురు తలలు వంచుకుని పక్కకు వెళ్లారు. ఎనిమిదేసి మందిమి మిగిలాం.

అంత ఆట నేను మళ్లీ ఆడలేదు. మైదానంలో సగం ఖాళీ, ఎటు కొట్టినా పరుగే. మేమందరం వేటకుక్కల్లా ఉరికాం. జనం టెంటు వదిలి బౌండరీ తాడు దాకా వచ్చేశారు. చివరి ఓవర్‌ వచ్చేసరికి మా బౌలర్ల ఓవర్లన్నీ అయిపోయాయి. గ్లవ్స్ పక్కవాడికిచ్చి బంతి నేనే తీసుకున్నాను. తాడు అవతల నుంచి నిషేధం పడ్డ మా బౌలర్ అరిచాడు: "జర ఆగి, కాళ్ల కాడ వెయ్యి."

ఆఖరి బంతికి వాళ్లకు రెండు పరుగులు కావాలి. కాళ్ల దగ్గరే వేశాను. బంతి నా నెత్తి మీదుగా గాల్లోకి లేచింది. అక్కడ మనిషి లేడు. నేనే వెనక్కి ఉరికి దూకాను, వేళ్లకు తగిలి జారిపోయింది. లేచేసరికి రెండో పరుగు పూర్తయింది.

ఓడిపోయాం. అయినా మోచేతులు గీరుకుపోయి రక్తం కారుతుంటే నేను ఎగురుతున్నాను. రావిర్యాల కెప్టెన్ వచ్చి నన్ను ఎత్తేశాడు.

మా బౌలర్ నిషేధం తగ్గలేదు, తగ్గించమని అతనూ అడగలేదు. తాగి దిగకూడదన్న మాట మాత్రం మరుసటి ఏడు నియమాల కాగితంలో మొదటి వరుసలోకి ఎక్కింది. దాని కింద ముందుగా సంతకం పెట్టింది కమిటీ పెద్దే.